మీటరక్క, అరవై నాలుగు ఇళ్ళు

ఆవిడ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప మరెక్కడా కనబడేది కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు నీళ్ళ శాఖలో మీటర్లు చూసే ఉద్యోగం చేసింది కాబట్టి, ఇరవై ఆరు వీధుల జనానికి ఆవిడ మీటరక్క. తనకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు. ఒకసారి ఎవరో తలుపు తట్టి అడిగితే, కట్టుకున్న మొగుడే ఏదో ధ్యాసలో "మీటరక్క ఇంట్లో లేదండీ" అనేసి నాలిక కరుచుకున్నాడు. ఆ మాట పట్టుకుని పేటంతా ఆర్నెల్లు నవ్వుకుంది.

ఆ శాఖలో ఆ పనికి చేరిన మొదటి ఆడమనిషి ఆవిడే. చేరిన కొత్తలో పై అధికారి ఆవిణ్ణి ఎగాదిగా చూసి, పది రోజుల్లో పారిపోతుందని పక్కవాడితో పందెం కాశాడట. ఇంటి ముందు నేలలో ఇనుపమూత, దాని కింద మోకాటిలోతు గుంట, గుంట అడుగున బురదలో మీటరు. కొక్కెంతో మూత లేపి, మోకాళ్ళ మీద కూర్చుని, తల లోపలికి వంచి, టార్చి వేసి అంకెలు రాసుకోవాలి. రోజుకు నూట ఇరవై గుంటలు. వానాకాలంలో గుంటలో కప్ప, ఎండాకాలంలో జెర్రి, అన్ని కాలాల్లోనూ గేటు వెనక కుక్క. పందెం కాసిన అధికారి ఎప్పుడో రిటైరై వెళ్ళిపోయాడు గానీ, ఆవిడ మాత్రం ఎడమ మోకాలు అరిగేదాకా ఆ మూతలు లేపుతూనే ఉంది.

నీళ్ళు అబద్ధం చెప్పవని ఆవిడ తరచూ అనేది. అంకె పెరిగితే ఆ ఇంట్లో పసిబిడ్డ పుట్టిందనో, చుట్టాలు దిగబడ్డారనో అర్థం. తగ్గితే ఎవరో ఇల్లు విడిచి వెళ్ళారన్నమాట. ఇరవై ఆరు వీధుల గుట్టు తెలిసినా, ఒక వీధి మాట ఇంకో వీధికి మోసిన పాపాన పోలేదు.

ఒకరోజు పొద్దున్న పదింటప్పుడు, గడియారాలు బాగుచేసే ముసలాయన ఒకాయన ఇంటి ముందు మూత లేపి చూస్తే, మీటరులోని చిన్న చక్రం గిర్రున తిరుగుతోంది. ఆయన ఒంటరి మనిషి, చెంబెడు నీళ్ళు వృథాగా పారబోయడానికి మనసొప్పని మనిషి. మీటరక్క అయిదు నిమిషాలు గుంట దగ్గరే కూర్చుంది. చక్రం ఆగలేదు. తలుపు తడితే ఎవరూ పలకలేదు. నిద్రపోతున్నాడేమో మనకెందుకన్నారు ఎదురింటివాళ్ళు. ఆవిడ వినిపించుకోకుండా చేతిలోని కొక్కెంతోనే గొళ్ళెం పెకలించింది. ముసలాయన స్నానాలగదిలో కాలు విరిగి పడి ఉన్నాడు, పైన కుళాయి పారుతూనే ఉంది. ఆ తర్వాత ఆయన తొమ్మిదేళ్ళు బతికాడు. శాఖవాళ్ళు మాత్రం పరాయి తలుపు పగలగొట్టినందుకు ఆవిణ్ణి సంజాయిషీ రాసిమ్మన్నారు. రాసిచ్చింది. రెండే వాక్యాలు: "చక్రం ఆగలేదు. అందుకని తలుపు తీశాను."

ఉద్యోగంనుంచి దిగిన ఏడాదికి ఆవిడ నగర సలహా మండలిలోకి వెళ్ళింది.

ఆ మండలి గురించి ఊళ్ళో చాలామందికి తెలియదు. తొమ్మిదిమంది సభ్యులు, జీతం లేదు. నగరం కట్టించే తక్కువ అద్దె ఇళ్ళు ఎవరికివ్వాలి, పేటల్లో మంచి పనులు చేసే సంఘాల్లో నిధులు దేనికివ్వాలి అన్న రెండు విషయాలు తేల్చి కౌన్సిలుకు చెప్పడం వాళ్ళ పని. ఆఖరి మాట కౌన్సిలుదే అయినా, మండలి పంపిన జాబితాను కౌన్సిలు కాదన్న సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. తొమ్మిది కుర్చీల్లో ఒకటి అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకే దక్కాలని నియమం. ఆ కుర్చీ రెండేళ్ళుగా ఖాళీగా ఉంది. ఊరికే పని చేసిపెట్టేవాళ్ళు దొరకాలిగా.

మీటరక్క ఉండే మేడలో పదమూడు వాటాలవాళ్ళు కలిసి దరఖాస్తు తెచ్చి, సంతకాలు పెట్టి ఆవిడ ముందుంచారు. తనకు ఆఫీసు భాష రాదని ఆవిడ ఎంత మొత్తుకున్నా వినలేదు. మొగుడు పక్కనుంచి, భాష సంగతి తాను చూసుకుంటాలెమ్మన్నాడు. ఆయన ప్రింటింగు ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి. కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, పెళ్ళి శుభలేఖ చదివినా, గోడమీద నోటీసు చదివినా ముందు తప్పులు ఏరేవాడు. మండలినుంచి మొదటి ఫైలు ఇంటికి రాగానే మొదటి పేజీలోనే ఏడు తప్పులు పట్టి, ఎర్ర పెన్నుతో దిద్ది పంపాడు. అది చూసి మండలి అధ్యక్షుడు నవ్వు ఆపుకోలేకపోయాడట. అధ్యక్షుడు హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి.

సమావేశాల్లో ఆవిడకు ఒక అలవాటుండేది. అందరూ తెలిసినట్టు తలలూపిన మాటను చెయ్యెత్తి అడిగేది. "సుస్థిరత సూచిక అంటే ఏమిటండీ?" అని ఒకరోజు అడిగింది. గృహ విభాగం ఆఫీసరమ్మ ఫైలు తిరగేసి, రేపు కనుక్కుని చెబుతానంది. ఆరేళ్ళుగా తాను కూడా ఆ మాటకు తలూపుతూ వచ్చానని హెడ్మాస్టరు తర్వాత ఒప్పుకున్నాడు.

రెండో అలవాటు ఇంకాస్త ఇబ్బంది పెట్టేది. కాగితం చదివి ఊరుకోకుండా వెళ్ళి చూసొచ్చేది. మొదటి ఏడాది నిధులకోసం పదకొండు సంఘాలు దరఖాస్తు పెట్టుకున్నాయి. అందులో ఒక సంఘం నిగనిగలాడే ఫైలు పంపింది. నలభైమంది పేదపిల్లలకు రోజూ సాయంత్రం చదువుకునే గది నడుపుతున్నామని రంగు ఫోటోలతో సహా రాసింది. ఇంకో దరఖాస్తు రూళ్ళ కాగితం మీద పెన్సిలుతో రాసిన ఒకే ఒక పేజీ. ముగ్గురు అమ్మమ్మలు ఒక మేడ అడుగున గదిలో రెండు పాత వాషింగ్ మిషన్లు పెట్టి, ఇళ్ళలో నీళ్ళు సరిగా రానివాళ్ళ బట్టలు ఉతికి పెడుతున్నారు. ఒక మిషను చెడిపోయింది, సాయం చెయ్యమని అడిగారు. మండలిలో మార్కులు వేస్తే నిగనిగల ఫైలుకు తొంభై, పెన్సిలు కాగితానికి ముప్పై ఒకటి వచ్చాయి.

మీటరక్క రెండుచోట్లకూ వెళ్ళింది. అమ్మమ్మల అడుగు గదిలో మెట్లదాకా మూటలు పేర్చి ఉన్నాయి. మంచం పట్టిన మనుషుల దుప్పట్లు ముందు, మిగతావి తర్వాత అని అమ్మమ్మలు వరస పెట్టుకున్నారు. చదువు గదికి మూడు సాయంత్రాలు వెళ్ళింది. మూడుసార్లూ తాళమే. మూడోరోజు పాత అలవాటుకొద్దీ ఆ ఇంటి ముందు మూత లేపి మీటరు చూసింది. ఆ గుంట ఆవిడ పాత వీధుల్లోదే, ఉద్యోగం వదిలిన నెలలో ఆఖరిసారి చూసిన అంకె గుర్తుంది. అప్పటికీ ఇప్పటికీ తేడా బక్కెట్లలో చెప్పుకునేంత. మర్నాడు మండలిలో లేచి, గొంతు పెంచకుండా అడిగింది.

"నలభైమంది పిల్లలు ఏడాదిపాటు ఒక్కసారైనా చెయ్యి కడుక్కోరాండీ?"

విచారణ వేశారు, సంఘంవాళ్ళు దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. అమ్మమ్మలకు కొత్త మిషన్లు రెండు వచ్చాయి. ఆ ఏడాదినుంచి సభ్యులు వెళ్ళి చూడకుండా మార్కులు వేయకూడదని హెడ్మాస్టరు నియమం రాయించాడు. ఎండలో తిరగాల్సొచ్చిన సభ్యులు కొందరు మీటరక్కను మనసులో తిట్టుకున్నారు, ఒకరిద్దరు పైకే తిట్టారు. ఆవిడ నొచ్చుకోలేదు. కుక్కలున్న గేట్లు దాటిన మనిషికి మాటలొక లెక్కా.

అసలు పరీక్ష రెండో ఏడాది వచ్చింది.

పాత గోదాముల స్థలంలో నగరం కొత్త మేడ కట్టింది. అరవై నాలుగు ఇళ్ళు. పదకొండు వందల నలభై దరఖాస్తులు. పేర్లు తీసేసి నంబర్లు మాత్రమే మండలికి ఇచ్చారు. నూటికి మార్కులు: ఆదాయం ఎంత తక్కువ, మనుషులు ఎందరు, ఇప్పుడుంటున్న గది ఎంత అధ్వానం, ఇలా. అందులో ఇరవై మార్కులు ఒకే చిరునామాలో అయిదేళ్ళు వరసగా ఉన్నవాళ్ళకు. నియమాల పుస్తకంలో దాన్ని స్థిర నివాసం అన్నారు.

వంటింటి బల్లమీద ఫైలు పరిచి చదువుతున్న ప్రూఫుల పెద్దమనిషి ఆ మాట దగ్గర ఆగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏమే, ఇందులో అచ్చుతప్పు లేదు గానీ తప్పుందే. స్థిరంగా ఉన్నవాడికి ఇల్లెందుకు?"

అప్పటికే ఆవిడ ఆ పేజీలోనే ఒక దరఖాస్తు దగ్గర ఆగిపోయి ఉంది. బస్సు డిపోలో బస్సులు కడిగే ఆవిడది. తల్లి, ఇద్దరు పిల్లలు, తాను. వరసగా మూడో ఏడు పెట్టుకున్న దరఖాస్తు. మిగతా అన్నిట్లోనూ నిండా మార్కులు, స్థిర నివాసం దగ్గర సున్నా. ఆరేళ్ళలో తొమ్మిది చిరునామాలు రాసి ఉన్నాయి. అందులో మూడు మీటరక్క తిరిగిన వీధులే. ఆ ఇళ్ళ ఓనర్లు పదకొండు నెలలు తిరిగేసరికి ఏదో వంక పెట్టి ఖాళీ చేయించి, అద్దె పెంచి కొత్తవాళ్ళను దింపుతారని మీటరక్కకు తెలుసు. సామాను వీధిలో పెట్టుకుని, గడప ముందు మెట్టుమీద కూర్చున్న ఆడవాళ్ళను మీటరు చూస్తూ చూస్తూ ఎన్నిసార్లో చూసింది. అలా కూర్చున్న మనిషికి, నువ్వు నిలకడగా లేవు కాబట్టి ఇల్లివ్వం అని ఈ కాగితం చెబుతోంది.

ఆఫీసరమ్మను లెక్క తీయమంది. మిగతావాటిలో మంచి మార్కులు వచ్చి, ఈ ఒక్కదాంట్లో సున్నా వచ్చినవాళ్ళు రెండువందల పన్నెండుమంది తేలారు. ఆఫీసు ద్వారా కబురు చేస్తే, ఆవిణ్ణి కలవడానికి నలభై మూడు కుటుంబాలు ఒప్పుకున్నాయి. మోకాలికి పట్టీ కట్టుకుని పదకొండు రోజుల్లో ఆ నలభై మూడు గడపలూ తొక్కింది. పాత రోజుల్లోలాగే చిన్న పుస్తకంలో ఒక్కో ఇంటికి ఒక్కో గీత రాసుకుంది. ముప్పై ఏడు కుటుంబాలు తమ ఇష్టంతో ఇల్లు మారినవి కావు, గెంటించుకున్నవి.

ఇంతవరకూ బాగానే ఉంది. అడ్డంకి ఆవిడ సొంత ఇంట్లోనే ఉంది.

మీటరక్కకు ఒక చెల్లెలు. పదకొండేళ్ళు చిన్నది. తల్లి పోయాక చెల్లెల్ని ఎత్తుకుని పెంచింది ఈవిడే. చెల్లెలు కర్టెన్లు కుడుతుంది, మరిది గోడలకు రంగులేస్తాడు. పద్నాలుగేళ్ళుగా టైర్ల దుకాణం మీది గదిలో కాపురం. ఒకే గది, ఒక గోడ చెమ్మ. కూతురికి ఆయాసం. వాళ్ళూ దరఖాస్తు పెట్టారు. నంబరు చెప్పొద్దని అక్క ఎంత చెప్పినా, చెల్లెలు సంతోషం పట్టలేక చెప్పేసింది. పాత లెక్క ప్రకారం ఆ నంబరుది యాభై ఎనిమిదో స్థానం. ఇల్లు వచ్చినట్టే. స్థిర నివాసం కింద నిండా ఇరవై మార్కులు పడబట్టి యాభై ఎనిమిది. ఆ లెక్క మారితే అరవై నాలుగు దాటిపోతుంది. ఇది తెలుసుకోవడానికి మీటరక్కకు పెన్సిలు కూడా అక్కర్లేకపోయింది.

ఆవిడ ఇంటింటికీ తిరుగుతోందన్న సంగతి ఊళ్ళో దాగలేదు. ఆదివారం మధ్యాహ్నం చెల్లెలూ మరిదీ వచ్చారు. చెల్లెలు కుర్చీలో కూర్చుని కొంగు అంచు మడుస్తూ విప్పుతూ ఉంది. మాట్లాడింది మరిదే. ఎప్పుడూ పన్నెత్తి మాట్లాడని మనిషి, గోళ్ళలో ఇంకా సున్నం ఉంది.

"వదినా, మాకోసం ఏ తప్పూ చెయ్యమని అడగట్లేదు. నువ్వేం చెయ్యక్కర్లేదు. ఊరికే ఉండు, అంతే."

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు అని కూడా అన్నాడు. ఆ నియమం వదిన పెట్టింది కాదు, ఎప్పట్నుంచో ఉన్నదే, ఇంకొక్క ఏడాది ఉంటే కొంప మునగదు, వచ్చే ఏడు నిక్షేపంగా మార్చుకోవచ్చునన్నాడు. ఆ మాటల్లో దురాశ ఏమీ లేదు. చెమ్మ గోడ పక్కన పద్నాలుగేళ్ళు బతికిన మనిషి మాట అది. మీటరక్క ఇద్దరికీ టీ ఇచ్చింది. వాళ్ళు మెట్లు దిగి వెళ్ళాక, ప్రూఫుల పెద్దమనిషి పేపరు వెనకనుంచి తల బయటపెట్టి, కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఊరికే అన్నారా అని గొణిగాడు. ఏం చెయ్యాలో ఆయనా చెప్పలేదు. చెప్పినా వినే మనిషి కాదని ముప్పై ఏళ్ళ అనుభవం.

ఆ మూడు రోజులూ ఆవిడ అన్యమనస్కంగానే తిరిగింది. ఒకరోజు గ్యాసు పొయ్యి వెలిగించి గిన్నె పెట్టడం మరిచిపోయింది. ఊరికే ఉండడం ఎంత తేలికో ఆవిడకు అంతగా ఎప్పుడూ తెలియలేదు. చేతులు కట్టుకు కూర్చుంటే చాలు, ఎవరూ వేలెత్తి చూపలేరు. నాలుగోరోజు పొద్దున్నే లేచి, టైర్ల దుకాణం మీది గదికి వెళ్ళింది. తాను చేయబోయేది చెల్లెలికి ఊరివాళ్ళ నోట తెలియకూడదు, తన నోటితోనే తెలియాలి అనుకుంది.

చెల్లెలు నేలమీద బారుగా పరిచిన నీలం గుడ్డకు గుండుసూదులు గుచ్చుతోంది. మీటరక్క గడపలో నిలబడే చెప్పింది. రేపు సమావేశంలో ఆ నియమం మార్చమని అడుగుతానని, మారితే మీకు ఈ ఏడు ఇల్లు రాదని, ఆ సంగతి తెలిసే అడుగుతున్నానని. చెల్లెలు చేతిలో సూదులన్నీ అయిపోయేదాకా గుచ్చింది. తర్వాత తలెత్తకుండా అంది.

"నీకు ఊరంతా చెల్లెళ్ళే అక్కా. నాకు అక్కవి నువ్వొక్కదానివే."

మీటరక్క వెనక్కి తిరిగింది. మెట్లు దిగేటప్పుడు మోకాలు మరీ నొప్పి పెట్టింది. కింద టైర్లమీద కాసేపు కూర్చుని వెళ్ళింది.

మర్నాడు సమావేశం. పొడుగాటి బల్ల చుట్టూ తొమ్మిది కుర్చీలు, గోడకు నగరం పటం, మూలన నీళ్ళ కూజా. మీటరక్క లేచి, అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ముందే చెప్పింది.

"మా చెల్లెలి దరఖాస్తు ఇందులో ఉంది. నేనడిగే మార్పు జరిగితే దానికి ఇల్లు రాదు. ఇది మీరంతా రాసుకోండి, తర్వాత నా మాట వినండి."

హెడ్మాస్టరు కలం ఆపి ఆవిడవైపు చూశాడు. సొంతవాళ్ళకు లాభం ఉంటే సభ్యులు బయటికి వెళ్ళాలని నియమముంది. నష్టం ఉంటే ఏం చెయ్యాలో పుస్తకంలో లేదు. లాభమైనా నష్టమైనా ఒకటేనని, తన మాట చెప్పేసి బయటికి వెళతాననీ ఓటు వెయ్యననీ ఆవిడే తేల్చేసింది.

తర్వాత చిన్న పుస్తకం తెరిచి నలభై మూడు గీతలూ చదివింది. ఏ ఇల్లు, ఎన్నాళ్ళున్నారు, ఎందుకు ఖాళీ చేశారు. పేర్లు లేవు, విశేషణాలు లేవు, మీటరు రీడింగు చదివినట్టే చదివింది. ఇరవయ్యో గీత దాటేసరికి నీళ్ళ కూజా వైపు వెళ్ళబోయిన సభ్యుడు కూడా మధ్యలో ఆగి నిలబడిపోయాడు.

ఆఫీసరమ్మ న్యాయంగానే అడ్డు చెప్పింది. ఆ నియమం పెట్టింది మోసాలు ఆపడానికి. చిరునామాలు మార్చి మార్చి ఒకే మనిషి నాలుగు దరఖాస్తులు పెట్టిన రోజులున్నాయి. అలాంటప్పుడు చిరునామా చూడకండి, ఊళ్ళో ఎన్నాళ్ళుగా ఉన్నారో చూడండి అంది మీటరక్క. పిల్లల బడి రిజిస్టరు ఉంది, పనిచేసేచోట హాజరు పట్టీ ఉంది, ఇల్లు మారినా అవి మారవు. బస్సులు కడిగే మనిషి తొమ్మిది ఇళ్ళు మారింది గానీ, డిపోలో ఆరేళ్ళుగా ఒక్కరోజూ హాజరు తప్పలేదు. ఇంతకంటే నిలకడ ఎక్కడ దొరుకుతుంది అని అడిగింది.

ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు ఒకాయన మండలిలో సభ్యుడు. ఆయనది ఇంకో అభ్యంతరం.

"ఆట మధ్యలో ఉండగా రూలు మార్చకూడదమ్మా. పాత లెక్కని నమ్ముకునే కదా జనం దరఖాస్తు పెట్టారు."

అది గట్టి మాటే. ఆ నమ్ముకున్నవాళ్ళలో తన చెల్లెలు ఒకతి. మీటరక్క చిన్న పుస్తకం మూసి చెప్పింది. "బాబూ, నేను ముప్పై ఒక్క ఏళ్ళు మీటర్లు చూశాను. పాడైన మీటర్లు బోలెడు. పాడైందని తెలియక అంకె రాస్తే తప్పు మీటరుది. తెలిసి కూడా రాస్తే తప్పు నాది. ఇప్పుడు మనకి తెలిసింది."

అంతే. చేతిసంచి తీసుకుని బయటికి నడిచి, వరండాలో చెక్కబల్ల మీద కూర్చుంది.

లోపల గంటన్నర పట్టింది. వరండాలో నేల తుడిచే ఆవిడ రెండుసార్లు వచ్చి, కాళ్ళు ఎత్తమని తుడిచి వెళ్ళింది. రెండోసారి, ఎవరికోసం కూర్చున్నారని అడిగింది. మీటరక్కకు ఏం చెప్పాలో తోచక, మోకాలికోసం అంది. కుర్చీలు జరిగిన చప్పుడు వినిపించాక హెడ్మాస్టరు తానే బయటికొచ్చి, అయిదుకు మూడు ఓట్లతో మార్పు నెగ్గిందని చెప్పాడు. కాంట్రాక్టరు కూడా చెయ్యెత్తాడు. ఆవిడ అవునా అని మాత్రం అంది. హెడ్మాస్టరు ఆవిడ మొహం చూసి, చేతిలోని గొడుగు ఇచ్చి, బయట చినుకులు పడుతున్నాయమ్మా, జాగ్రత్తగా వెళ్ళండి అన్నాడు.

జాబితా కౌన్సిలు గోడకు అంటించారు. చెల్లెలి నంబరు డెబ్భై ఒకటో స్థానంలో ఉంది. ఎవరైనా వద్దంటే కిందివాళ్ళకు ఇస్తారు గనక, మీటరక్క లోలోపల ఆశ పెట్టుకుంది. ఆరుగురు వద్దన్నారు. డెబ్భయ్యో స్థానంతో ఇళ్ళు అయిపోయాయి. ఒక్క అడుగు దూరం. దానికి ఆవిడ ఎంత కుమిలిపోయిందో ప్రూఫుల పెద్దమనిషికి ఒక్కడికే తెలుసు. ఆ రోజంతా ఆయన ఎర్ర పెన్ను ముట్టలేదు.

తాళాలిచ్చే రోజున ఆవిడ కొత్త మేడ దగ్గరికి వెళ్ళింది. బస్సులు కడిగే ఆవిడ తల్లినీ పిల్లలనూ వెంటబెట్టుకుని, రెండో అంతస్తులో తలుపు తీసి లోపలికి వెళ్ళి, వెంటనే బయటికొచ్చి తాళం వేసి, మళ్ళీ తీసి చూసుకుంది. వరండాలో నిలబడ్డ మీటరక్కను చూసి, నవ్వు ఆగని మొహంతో అడిగింది.

"మీకు కూడా వచ్చిందా అండీ?"

"లేదమ్మా. ఊరికే చూడ్డానికొచ్చాను."

"దిగులు పడకండి. నాకూ మూడేళ్ళు పట్టింది. వచ్చే ఏడు మీకూ వస్తుంది."

మీటరక్క ఆ ఓదార్పును బుద్ధిగా తల వంచి అందుకుంది. తానెవరో చెప్పలేదు. ఆ ఇంటి కుళాయి తిప్పి, నీళ్ళ జోరు చూసి, బాగానే వస్తున్నాయని చెప్పి వెళ్ళిపోయింది.

చెల్లెలు ఏడు నెలలు మాట్లాడలేదు. మీటరక్క ఆ వీధిలోంచి వెళితే పైన కుట్టుమిషను చప్పుడు ఆగేది, వెళ్ళిపోయాక మళ్ళీ మొదలయ్యేది. చెల్లెలి కూతురు మాత్రం అప్పుడప్పుడు కాలేజీనుంచి వచ్చి పెద్దమ్మ దగ్గర కూర్చునేది. ఆ వానాకాలం పిల్లకు ఆయాసం ముదిరింది. గోడ చెమ్మ ఎండాకాలంలో కూడా ఆరలేదని మాటల్లో చెప్పింది. ఆ మాట మీటరక్క చెవిలో గుచ్చుకుంది. వాన చెమ్మ ఎండకు ఆరాలి. ఆరలేదంటే అది వాన నీళ్ళు కాదు.

మర్నాడు పొద్దున, నీళ్ళ శాఖలో తన దగ్గర పని నేర్చుకున్న మనిషి దగ్గర అడిగి తెచ్చిన ఇనుప కడ్డీ పట్టుకుని ఆ మెట్లెక్కింది. చెల్లెలు తలుపు తీసి, అడ్డంగా నిలబడింది. గోడ చూడాలే, నీతో మాట్లాడ్డానికి రాలేదు అంది మీటరక్క. చెల్లెలు పక్కకు తప్పుకుంది. కడ్డీ ఒక కొన గోడకు ఆనించి, రెండో కొనకు చెవిపెట్టి, అంగుళం అంగుళం జరుపుతూ ముప్పావుగంట విన్నది. అటక కింద ఒకచోట ఆగి, చెల్లెల్ని పిలిచి చెవి పెట్టమంది. గోడ లోపల సన్నగా, ఎవరో గుసగుసలాడినట్టు, నీళ్ళు కారుతున్న చప్పుడు. పగిలిన గొట్టం. పద్నాలుగేళ్ళుగా వాననుకున్నది అది.

ఓనరు మొదట తనకు సంబంధం లేదన్నాడు. మీటరక్క శాఖలో ఫిర్యాదు రాసిచ్చి, ఇనస్పెక్టరును వెంటబెట్టుకొచ్చి, గోడ తవ్వించి, గొట్టం మార్పించేదాకా అతన్ని వదల్లేదు. మరిది గోడకు తానే సున్నం వేశాడు. రెండు నెలలకు గోడ ఆరింది, పిల్ల దగ్గు సగానికి తగ్గింది. ఆ పని జరిగిన అన్ని రోజులూ అక్కాచెల్లెళ్ళు గొట్టం గురించీ ఓనరు గురించీ తప్ప ఇంకో మాట మాట్లాడుకోలేదు. చివరిరోజు చెల్లెలు ఒక కర్టెను మడతపెట్టి తెచ్చి, మీ కిటికీది వెలిసిపోయింది, ఇది వేసుకో అని చేతిలో పెట్టింది. వాళ్ళిద్దరి మధ్యా రాజీ అంటే అదే.

గోదాముల పక్క స్థలంలో రెండో మేడ లేవడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. ఊళ్ళో ఎన్నేళ్ళున్నారన్న కొత్త లెక్కలో చెల్లెలి కుటుంబం, కొత్తగా వచ్చిన దరఖాస్తులతో కలిపి చూసినా పైకి జరిగి, ఈసారి ఇరవై రెండో స్థానంలో నిలిచింది. జాబితా చర్చకు వచ్చిన రోజున మీటరక్క మళ్ళీ వరండాలోనే కూర్చుంది. నేల తుడిచే ఆవిడ ఈసారి ఏమీ అడగకుండా, కూర్చోవడానికి మెత్తటి గుడ్డ మడతపెట్టి ఇచ్చింది.

చెల్లెలు కొత్తింట్లో దిగిన రోజున మీటరక్క కుంటుకుంటూ మూడు అంతస్తులెక్కి, అన్ని కుళాయిలూ తిప్పి చూసింది. కుట్టుమిషను కిటికీ దగ్గర పెట్టాలా, గోడ దగ్గర పెట్టాలా అని మరిదీ ప్రూఫుల పెద్దమనిషీ దాన్ని ఎత్తి పట్టుకునే వాదించుకుంటున్నారు. పక్కవాటా ఆవిడ పలకరించడానికి వచ్చింది. ఈవిడెవరని మీటరక్కను చూపించి అడిగింది.

"మా అక్క," అంది చెల్లెలు. "ఇళ్ళిచ్చే మండలిలో మెంబరు."

"అలాగా. అయితే ఆవిడ దయవల్లే వచ్చిందన్నమాట మీకు."

"మా అక్క దయవల్లా? ఆవిడ నోరు మూసుకుని కూర్చునుంటే మాకు రెండేళ్ళ ముందే వచ్చేదమ్మా ఇల్లు."

ఆ మాట చెల్లెలు గట్టిగా, వరండాలో వాళ్ళందరికీ వినబడేలా చెప్పింది. తర్వాత ఆ రెండేళ్ళ కథంతా మొదటినుంచీ, బస్సులు కడిగే ఆవిడ తొమ్మిది ఇళ్ళ లెక్కతో సహా, ఒక్క ముక్క పోకుండా పక్కవాటా ఆవిడకు చెప్పడం మొదలుపెట్టింది. వంటింట్లో కుళాయి కట్టేసి వచ్చిన మీటరక్క, కూర్చోవడానికి కుర్చీలు ఇంకా రాలేదు గనక, బట్టల మూటమీద చతికిలబడి మోకాలు నిమురుకుంటూ ఆ కథంతా తానూ విన్నది. అందులో తనకు తెలియనివి కూడా కొన్ని ఉన్నాయి.